నిలబడి గడ్డలు నాటే పొడవు కామ పనిముట్టు: ఎంపిక, వాడుక

నేలసంపెంగ, చిన్న ఉల్లి, పసుపు, మెట్టతామర మొదలైనవి విత్తనంతో గాక గడ్డతోనో దుంపతోనో నాటే మొక్కలు. వీటిని నాటేవారు ఒక్కొక్క గడ్డకు ఒక్కొక్కసారి నడుము వంచవలసి వస్తుంది. పెరటిలో ఇరవై గడ్డలు నాటినపుడు ఈ శ్రమ తెలియదు. సెంటు నేలలో నాటినపుడు బాగా తెలుస్తుంది. ఎకరం నాటే కూలీ స్త్రీలకు అది జీవితకాలపు నడుము నొప్పిగా మిగులుతుంది. నిలబడియే గుంత తీసి గడ్డను నాటడానికి ఉపకరించే పొడవు కామ పనిముట్టు ఈ కారణం చేతనే ఆలోచించదగినది. అయితే అంగడిలో దొరికే ప్రతి పనిముట్టూ మన గడ్డలకూ, మన నేలలకూ సరిపోదు. ఏది ఎవరికి, ఏ నేలకు, ఏ గడ్డకు తగినదో కోయంబత్తూరు, మదురై ప్రాంతాల తెలుగు కుటుంబాల సాగును దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

మన గడ్డలు, మన నేలలు

విజయనగర కాలంలోను, 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకునితో మొదలై 1736 వరకు సాగిన మదురై నాయకుల ఏలుబడిలోను తెలుగు కుటుంబాలు అనేకం దక్షిణానికి తరలివచ్చాయి. రేగడి నేలలు తెలిసిన రైతులు కోయంబత్తూరు చుట్టుపట్ల స్థిరపడ్డారు. మదురై, దిండుగల్లు, తేని, విరుదునగరం సీమలలో నాయుళ్ళు, రెడ్లు, కంబళత్తు నాయకులు మెట్ట సేద్యం చేశారు. భూమి గలవారే గాక, ఆ భూములలో పనిచేసిన అరుంధతీయ కుటుంబాలలో కూడ చాలామంది ఇంటి భాష తెలుగే. నేటికీ కలుపు తీసేచోట, గడ్డలు నాటేచోట నడుము వంచేది ఎక్కువగా స్త్రీలే. ఈ పనిముట్టు గురించిన చర్చ మొదట వారికి సంబంధించినది.

ఈ సీమలో గడ్డతో నాటే పంటలలో మూడు ముఖ్యమైనవి. మొదటిది నేలసంపెంగ. సత్యమంగళం ప్రాంతంలోను, దిండుగల్లు జిల్లా నిలకోట చుట్టుపట్లను ఇది విరివిగా సాగవుతున్నది. రెండవది సాంబారు ఉల్లి అని మనం పిలిచే చిన్న ఉల్లి. మూడవది ఈరోడు సీమకు పేరు తెచ్చిన పసుపు. వీటితో పాటు ధారాపురం, మూలనూరు, ఒట్టన్‌ఛత్రం వైపు మందుల కొరకు పండించే అడవినాభి దుంప ఉన్నది. దీని పువ్వే తమిళనాడు రాష్ట్ర పుష్పం.

నేలలు రెండు విధాలు. కోయంబత్తూరు వైపు రేగడి ఎక్కువ. తడిసినపుడు జిగటగా పట్టుకొంటుంది, ఎండినపుడు రాయిలా బిగుస్తుంది. మదురై, దిండుగల్లు వైపు ఎర్ర నేలలు, గరప నేలలు ఎక్కువ. తొందరగా ఆరుతాయి, గులకరాళ్ళు కలిసి ఉంటాయి. ఒక నేలలో చక్కగా దిగిన పనిముట్టు మరొక నేలలో మొరాయించడానికి ఇదే కారణం.

పేర్ల తికమక

అంగడికి వెళ్ళేముందు మాటలను గూర్చి కొంత తెలుసుకొనుట మేలు. ఆంధ్ర జిల్లాల నుండి కొత్తగా వచ్చినవారు ఇక్కడి ఇనుప సామాన్ల అంగడిలో 'పార' అడిగితే గడ్డపార చేతికి రావచ్చు. తమిళంలో 'పారై', 'కడప్పారై' అనేవి మనం గునపం, పలుగు అని పిలిచేదానికి పేర్లు. మన పారను ఇక్కడ 'మమ్మట్టి' అంటారు. కలుపు తీసే చిన్న పనిముట్టు 'కళైకొత్తు'. మన తవ్వుకోల, బొరిగెలకు అది దగ్గరిది.

పూల విషయంలోను ఇంతే. తమిళ పూల అంగడిలో 'సంపంగి' అంటే గడ్డతో పెరిగే నేలసంపెంగ. మనం సంపెంగ అనే చెట్టు పువ్వును వారు 'శెణ్బగం' అంటారు. ఆంధ్ర జిల్లాల పూల వర్తకులు అదే నేలసంపెంగను 'లిల్లీ' అంటారు. కనుక గడ్డలు కొనేటప్పుడు పేరును నమ్ముకొనక గడ్డను కంటితో చూచి కొనవలెను.

పనిముట్ల రకాలు

పొడవు కామ గల పనిముట్లు ప్రధానంగా నాలుగు విధాలు.

గొట్టపు పనిముట్టు: అడుగున ఆరేడు సెంటీమీటర్ల వెడల్పు, సుమారు 15 సెంటీమీటర్ల పొడవు గల ఇనుప గొట్టం, దానిపై కాలు మోపే అడ్డకడ్డీ, పైన రెండు చేతులతో పట్టుకొనే అడ్డపిడి ఉంటాయి. కాలితో అదిమి, కొద్దిగా తిప్పి, పైకి లాగితే మట్టి ముద్ద గొట్టంతో పాటు వస్తుంది. ఆ గుంతలో గడ్డ ఉంచి, ముద్దను తిరిగి పైన వేస్తారు. ఇది చలిదేశాలలో తులిప్, డాఫొడిల్ గడ్డలకై రూపొందినది. ఆ గడ్డలను 15 సెంటీమీటర్ల లోతున నాటుతారు. గొట్టం కొలత ఆ లోతును బట్టి వచ్చినదే.

గుచ్చుకర్ర: మొన గల నిలువు కడ్డీకి కాలు మోపు, పిడి అమర్చినది. నేలలో గుచ్చి, అటునిటు ఆడించి తీస్తే గుంత పడుతుంది. గొట్టం కంటె తేలిక, చవక. దీనిలో ఒక లోపం ఉన్నది. మొన సన్నగా ఉంటే గుంత అడుగు కూడ సన్నగా ఉంటుంది. గడ్డ మధ్యలో చిక్కుకొని, దాని కింద గాలి మిగులుతుంది. వేరుకు మన్ను తగలక గడ్డ వాడుతుంది. రేగడిలో అయితే గుంత గోడలు అద్దంలా నునుపెక్కి వేళ్ళను చొరనీయవు. మొనను మొద్దుగా చేయించుకొంటే మొదటి లోపం తీరుతుంది.

జారుగొట్టం: నడుము ఎత్తున గల గొట్టంలో పైనుండి గడ్డను వేస్తే అడుగునకు జారుతుంది. టమాటా, మిరప నార్లు నాటడానికి వచ్చిన రకంలో అడుగున ముక్కు వంటి రెండు రేకులుంటాయి. నేలలో గుచ్చి పిడి నొక్కితే అవి తెరచుకొని మొక్కను వదులుతాయి. చిన్న గడ్డలకు కూడ ఇది పనికివస్తుంది.

మరచుట్టు: బరమా వంటి ఈ పరికరాన్ని విద్యుత్ డ్రిల్లుకు తగిలించి వాడతారు. గట్టి నేలలో వేగంగా దిగుతుంది. రాయికో వేరుకో తగిలితే యంత్రం ఒక్కసారిగా తిరగబడి మణికట్టును మెలిపెడుతుంది. రెండవ చేతికి పిడి లేని డ్రిల్లుతో దీనిని వాడరాదు.

ఎంపికలో చూడవలసినవి

లోతు: తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం నేలసంపెంగకు సూచించిన లోతు 2.5 సెంటీమీటర్లు. నాటే గడ్డ 25 నుండి 30 గ్రాముల బరువు ఉండవలెనని కూడ చెప్పినది. గడ్డ పొడవును సైతం కలుపుకొన్నా గుంత ఏడెనిమిది సెంటీమీటర్లకు మించనవసరం లేదు. అనగా చలిదేశపు గొట్టం తీసే లోతులో సగం చాలు. పూర్తిగా దించితే గడ్డ మరీ లోతున పడి మొలక ఆలస్యమవుతుంది, తడి నిలిస్తే కుళ్ళుతుంది. కనుక గొట్టం మీద కావలసిన లోతు వద్ద ఒక అడ్డు తప్పనిసరి. ఇనుప వలయం వెల్డింగు చేయించవచ్చు, లేదా తాత్కాలికంగా రబ్బరు పట్టీ గట్టిగా చుట్టవచ్చు.

గొట్టం వెడల్పు: గడ్డ లావు మీద ఒక వేలు పట్టేంత అదనం ఉంటే చాలు. అడుగు అంచు కంటె పైభాగం కొంచెం వెడల్పుగా ఉన్న గొట్టాన్నే ఎన్నుకోవలెను. అపుడు మట్టి ముద్ద పైకి జరిగేకొద్దీ వదులై తట్టగానే రాలుతుంది. పైనుండి కిందికి ఒకే వెడల్పు గలదానిలో రేగడి మన్ను బిగుసుకొని కడ్డీతో పొడిస్తే గాని బయటికి రాదు.

కామ పొడవు: ఇది అన్నింటికంటె ముఖ్యమైనది. దిగుమతి రకాలు చాలావరకు మూడడుగులకు అటునిటుగా ఉంటాయి. కొనేవారి ఎత్తును అవి ఎరుగవు. చెప్పులతో నిటారుగా నిలబడి మోచేతిని మడిచినపుడు, నేల నుండి మోచేతి ఎత్తు మనిషి ఎత్తులో సుమారు 63 శాతం ఉంటుంది. 150 సెంటీమీటర్ల ఎత్తు గల స్త్రీకి అది దాదాపు 95 సెంటీమీటర్లు. 175 సెంటీమీటర్ల పురుషునికి దాదాపు 110. పనిముట్టు నేలలో దిగిన తరువాత పిడి మోచేతికి నాలుగు వేళ్ళు కిందుగా ఉండవలెను. అంతకంటె పొట్టిదైతే నిలబడి చేసే పని మళ్ళీ వంగి చేసే పనే అవుతుంది. మరీ పొడవైతే భుజాలు ఎత్తవలసివచ్చి మెడ పట్టుతుంది. ఇంట్లో భర్త కొలతకు కొన్న పనిముట్టుతో భార్య నాటవలసి రావడం సాధారణం. నాటేది ఎవరో వారి కొలతే తీసుకొనవలెను.

బరువు: సెంటు నేలలో 45 × 20 సెంటీమీటర్ల ఎడంతో నేలసంపెంగ నాటితే సుమారు 450 గడ్డలు పడతాయి. పనిముట్టు రెండు కిలోలదైతే ఆ సెంటు పూర్తయ్యేసరికి ఎత్తి దించిన బరువు 900 కిలోలు, అంటుకొన్న మన్ను గాక. కిలోన్నరకు లోపుగా ఉన్నది దొరికితే దానినే కొనడం మంచిది. ఇనుప పిడి ఎండకు కాలుతుంది. తుమ్మ కర్ర కామ గాని, పాత సైకిలు ట్యూబు చుట్టిన పిడి గాని చేతికి హాయి.

వాడే విధానం

అదను, పదును అన్న రెండు మాటలు ఇక్కడా వర్తిస్తాయి. నేలసంపెంగకు జూన్, జులై నెలలు అదను. తవ్విన గడ్డలను నెలరోజులు నీడన ఆరనిచ్చి నాటవలెను. పదును చూడడానికి గుప్పెడు మన్ను తీసి పిసకండి. ముద్దయి, వేలితో తాకగానే విడిపోతే సరియైన పదును. వేళ్ళకు అంటితే ఒకటి రెండు రోజులు ఆగండి. ముద్ద కాకపోతే ముందునాటి సాయంత్రం తడి పెట్టండి.

1. ముందుగా నేలను దున్ని లేదా పారతో తిరగవేసి బోదెలు కట్టండి. పొడవు కామ పనిముట్టు తవ్విన నేలలో గుంత తీయడానికే గాని బీడు నేలను పగులగొట్టడానికి కాదు.

2. తాడుకు 20 సెంటీమీటర్ల చొప్పున ముడులు వేసి బోదె పక్కన లాగి కట్టండి. ప్రతి గుంతకూ కొలత కొరకు వంగే పని తప్పుతుంది.

3. పనిముట్టును శరీరానికి దగ్గరగా, నిలువుగా పట్టుకొనండి. అడ్డకడ్డీ మీద పాదం మధ్యభాగం ఆనించి శరీర బరువుతో అదమండి. మడమ ఎత్తి తన్నకూడదు. అడుగు గట్టిగా ఉన్న చెప్పులు లేక బూట్లు తప్పక ఉండవలెను.

4. పిడిని పావు చుట్టు ఇటు, పావు చుట్టు అటు తిప్పండి. తిప్పేది చేతులే గాని నడుము కాదు. తరువాత మోకాళ్ళను కొద్దిగా వంచి నిలువుగా లాగండి.

5. గడ్డలను నడుముకు కట్టిన సంచిలో ఉంచుకొనండి. నేల మీది బుట్టలో నుండి తీసుకొంటే వంగుట తప్పలేదన్నమాటే. గడ్డ కొస పైకి, వేరు వైపు కిందికి ఉండేలా గుంతలో వదలండి. నడుము ఎత్తు జారుగొట్టం ఉంటే దాని ద్వారా వదలవచ్చు. పక్కకు ఒరిగిన గడ్డ కూడ మొలుస్తుంది. తలకిందులైనదానిని మాత్రం కర్రతో సరిచేయండి.

6. గొట్టంలోని ముద్దను గుంత మీదనే తట్టి రాల్చి, పాదంతో మెల్లగా అదమండి. గడ్డ కింద, చుట్టూ గాలి మిగలకుండుటే ఇందులోని రహస్యం. వెంటనే తడి పెట్టండి.

7. యాభై గుంతలకు ఒకసారి కాలు మార్చండి. గంటకు ఒకసారి పని ఆపి నడుము వెనుకకు వంచి సేద తీరండి.

చిన్న ఉల్లికి వేరే దారి

చిన్న ఉల్లికి గొట్టపు పనిముట్టు పనికిరాదు. బోదెల మధ్య 45 సెంటీమీటర్లు, బోదెకు రెండువైపులా 10 సెంటీమీటర్లకు ఒక గడ్డ అన్నది ఇక్కడి పద్ధతి. ఆ లెక్కన సెంటుకు దాదాపు 1,800 గడ్డలు, నేలసంపెంగకు నాలుగింతలు. ఆరేడు సెంటీమీటర్ల వెడల్పు గుంతలు పది సెంటీమీటర్ల దూరంలో తీస్తే మధ్య గోడ కూలి, ముందు నాటిన గడ్డ కదులుతుంది. ఇన్ని గుంతలు ఒక్కొక్కటిగా తీయడమూ దండుగే.

దీనికి చవకైన ఉపాయం ఉన్నది. పొడవు కామ గల కోణపు గుద్దలితో బోదె పక్కన సన్నని చాలు గీయవలెను. రెండంగుళాల పి.వి.సి. గొట్టాన్ని నాటేవారి నడుము ఎత్తుకు కోసి, పై అంచును ఆకురాయితో నునుపు చేయవలెను. గొట్టం అడుగును చాలులో ఆనించి గడ్డను జారవిడుస్తూ నడవవలెను. వెనుక వచ్చేవారు గుద్దలి వెన్నుతో మన్ను కప్పి, తలకిందులైనవాటిని సరిచేస్తారు. చేతితో నాటిన వరుసంత తీరుగా ఇది రాకపోవచ్చు. కాని నడుము వంచకుండా వరుస పూర్తవుతుంది. పసుపు కొమ్ములు వంకరగా ఉండి గొట్టంలో ఇరుక్కొంటాయి గనుక వాటికి మరికొంత వెడల్పు గొట్టం కావలెను.

వాడకూడని చోట్లు

అడవినాభి దుంపను గొట్టంలో జారవిడువరాదు. దాని మొలక కన్ను కొసన ఉంటుంది, తగిలితే విరుగుతుంది. కన్ను విరిగిన దుంప మొలవదు. పొడవు కామ పనిముట్టుతో గుంత మాత్రం తీసి, దుంపను చేతితో పరుండబెట్టవలెను. అందులో కొల్చిసిన్ అనే తీవ్రమైన విషం ఉన్నది గనుక చేతి తొడుగులు ధరించి, పని ముగిసిన తరువాత పనిముట్టును, చేతులను కడుగవలెను. పెరటి లిల్లీ జాతుల గడ్డలు, డాఫొడిల్ గడ్డలు కూడ విషపూరితాలే. చూపునకు ఉల్లిలా కనిపించే ఈ గడ్డలను వంటింటిలో గాని, ఉల్లి బస్తాల పక్కన గాని ఉంచరాదు.

బిందు సేద్యపు గొట్టాలు, మోటారు తీగలు నేలలో ఉన్నచోట ముందుగా గుర్తులు పెట్టుకొని వాటికి దూరంగా నాటవలెను. మల్లె పొదల మొదళ్ళ వద్ద గొట్టం దించితే వేళ్ళు తెగుతాయి.

విస్తీర్ణాన్ని బట్టియు ఆలోచించవలెను. గుంతకు పది సెకన్లు పట్టిందనుకొంటే సెంటుకు గంటా పావు. అదే లెక్కన ఎకరాకు 45,000 గడ్డలకు 125 గంటలు, అనగా రోజుకు ఎనిమిది గంటల చొప్పున పదిహేను రోజులకు పైగా. కనుక గొట్టపు పనిముట్టు పెరటికి, నాలుగైదు సెంట్ల పూలమడికి తగినది. అంతకు మించితే చాలు తీసి జారుగొట్టంతో నాటడమే మేలు.

చేయించుకొనుట, భద్రపరచుట

కోయంబత్తూరు మనకు ఈ విషయంలో అదృష్టపు నగరం. పంపుసెట్ల, పోతపనుల కార్ఖానాలతో, వీధివీధినా లేతు యంత్రాలతో వెలసిన ఊరు ఇది. ఈ పరిశ్రమ చరిత్రలో తెలుగు కుటుంబాల పాలు పెద్దది. పి.ఎస్.జి. ధర్మసంస్థ 1926లో పీలమేడులో ఏర్పడినది. కలంగల్ గ్రామంలో పుట్టిన జి.డి. నాయుడు (1893–1974) యంత్రాలనే గాక సేద్యాన్ని కూడ ప్రయోగాలతో పరిశీలించినవారు. అటువంటి ఊరిలో దిగుమతి పనిముట్టు కొలతకు మన నడుమును సర్దుకొనవలసిన అగత్యం లేదు. వెల్డింగు దుకాణానికి వెళ్ళేటప్పుడు నాలుగు వివరాలు కాగితం మీద వ్రాసుకొని వెళ్ళండి: నాటేవారి మోచేతి ఎత్తు, గడ్డ లావు, కావలసిన లోతు, నేల రకం. గులకరాళ్ళ నేలకు గొట్టం అంచు మందంగా ఉండవలెను, రేగడికి పలుచగా, వాడిగా ఉండవలెను. మదురై వైపు పల్లెలలో కమ్మరి కొలిమి ఉన్నచోట మొద్దు మొన గుచ్చుకర్రను సులభంగా చేయించుకొనవచ్చు.

పని ముగిసిన వెంటనే మన్ను గీకి, కడిగి, తుడిచి, ఆముదం పూసి నీడలో వ్రేలాడదీయండి. అంచు మొద్దుబారితే ఆకురాయితో లోపలివైపు గాక వెలుపలివైపు మాత్రమే రాయండి. కర్ర కామకు ఏడాదికొకసారి నూనె పట్టించి, పగుళ్ళు ఉన్నవేమో చూడండి. రోగం తగిలిన మడిలో వాడిన పనిముట్టును కడుగకుండ వేరొక మడిలో దించితే కుళ్ళు రోగం కూడ వెంట వెళుతుంది.

ఒక తీర్పు చెప్పిన పాఠం

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో కూరగాయల తోటల కూలీల చేత రెండడుగులకు మించని పొట్టి కామ గుద్దలితో పని చేయించేవారు. పొడవు కామ ఇస్తే మొక్కలు దెబ్బతింటాయని యజమానుల వాదన. ఏళ్ళ తరబడి వంగి పనిచేసిన కూలీల వెన్నుపూసలు దెబ్బతిన్నాయని వైద్యులు సాక్ష్యమిచ్చారు. 1975లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తీర్పు దరిమిలా ఆ పనిముట్టు నిషేధింపబడినది. తోటలు మాత్రం ఆగలేదు.

మన చేలలో ఈ మార్పునకు న్యాయస్థానం అవసరం లేదు. ఈ ఏడు నేలసంపెంగ గాని, చిన్న ఉల్లి గాని నాటించేవారు ముందుగా ఒక రెండంగుళాల గొట్టం ముక్కను, ఒక పొడవు కామ గుద్దలిని సిద్ధం చేసి, నాటే స్త్రీల నడుము ఎత్తుకు వాటిని కోయించి, ఒక బోదె మీద ప్రయత్నించి చూడవలెను. మొలకల లెక్క, పట్టిన కాలం, సాయంత్రం వారి నడుము సంగతి ఈ మూడింటినీ పాత పద్ధతితో పోల్చుకొంటే మిగిలిన బోదెలకు ఏది తగినదో తేలుతుంది.